పేడ తూకము, మేత లెక్క

పాడిపశువు గల ప్రతి యింటను పాలకు లెక్క యున్నది. ఉదయము నెన్ని లీటర్లు, సాయంకాలము నెన్ని లీటర్లు, వెన్న యెంత శాతము అని సంఘములో వ్రాయుదురు. మహిళలే సభ్యులుగా నడుపుకొనుచున్న ముల్కనూరు పాల సంఘము మొదలుకొని చిన్న గ్రామ సంఘము వఱకు పాలు తూచి, వెన్న చూచి, పైకము చెల్లించుట ఆచారము. కాని అదే పశువు దినమునకు ఎంత పేడ వేయుచున్నదని యడిగినచో “ఒక తట్ట”, “రెండు తట్టలు” అనుటయే గాని తూకము చెప్పువారు అరుదు.

ఈ కొఱత యెక్కువగా బయటపడునది గోబర్ గ్యాస్ తొట్టి కట్టుకొనునప్పుడు. 1 ఘనమీటరు తొట్టికి దినమునకు సుమారు 25 కిలోల పచ్చిపేడ కావలెను. 2 ఘనమీటర్ల దానికి 50 కిలోలు. మూడు బఱ్ఱెలు గల రైతు, బఱ్ఱె యొక్కంటికి 20 కిలోలని విని, 60 కిలోలు వచ్చునని దరఖాస్తులో వ్రాసి, అప్పు తీసికొని 2 ఘనమీటర్ల తొట్టి కట్టించును. బఱ్ఱె 20 కిలోలు వేయుట నిజమే కావచ్చును. కాని ఉదయము విడిచి సాయంకాలము తోలుకొని వచ్చు పశువు చెఱువు శిఖములోను, కోసిన పొలములోను, నీటిలోను వేసిన పేడ కొట్టములోనికి రాదు. తెల్లవాఱి కొట్టములో ఎత్తునది 30 కిలోలైనచో వంట నడుమనే పొయ్యి ఆఱిపోవును. తొట్టి చెడిపోయినదని మేస్త్రీని నిందింతురు. తొట్టికి వచ్చిన చెడుపేమియు లేదు. అది ఆకలితో నున్నది. అప్పు వాయిదా మాత్రము పూర్తిగనే చెల్లింపవలెను.

కావున పేడను గూర్చి రెండు ప్రశ్నలు వేఱువేఱుగా అడుగవలెను. పశువు మొత్తము ఎంత వేయుచున్నది? అందులో మన చేతికి ఎంత వచ్చుచున్నది? రెండవ ప్రశ్నకు త్రాసు చాలును. వేసవిలో ఏడు దినములు, వానకాలములో ఏడు దినములు, కొట్టములో ఎత్తిన పేడను తట్టతో సహా తూచి, తట్ట బరువు తీసివేసి, గోడమీద బొగ్గుతో వ్రాసినను సరే, సరాసరి చూడవలెను. రెండింటిలో తక్కువ వచ్చిన సంఖ్యయే దరఖాస్తులో వ్రాయదగినది. మొదటి ప్రశ్న అంత సులభము కాదు. ఆ ప్రశ్నకు జవాబు తెలిసిననే పశువు తిన్న మేతలో ఎంత ఒంటికి పట్టినదో, ఎంత వ్యర్థమైనదో తెలియును. దానికి శాస్త్రజ్ఞులు కనిపెట్టిన ఉపాయమును వివరించుటకే ఈ వ్యాసము.

ముందుగా ఒక మాట. పచ్చిపేడలో నూటికి సుమారు 80 పాళ్లు నీరే. పచ్చిమేత తిన్ననాడు పేడ పలుచనగును, ఎండుగడ్డి తిన్ననాడు గట్టిపడును. కావున పచ్చి తూకమును నమ్మి మేత లెక్క వేయరాదు. ప్రయోగశాలలో పేడను నీరు పూర్తిగా పోవువఱకు వేడి పెట్టెలో ఆఱబెట్టి, మిగిలిన పొడి భాగమును తూచెదరు. దానినే పొడి పదార్థమందురు. మేతకును ఇట్లే చేయుదురు. ఇకమీద ఈ వ్యాసములో “పొడి పేడ”, “పొడి మేత” అన్నచో నీరు తీసిన తూకమని గ్రహింపవలెను. మనము ఎండలో ఆఱబెట్టిన పిడకలో ఇంకను కొంత తేమ నిలిచియుండును. ఆ తూకము దీనికి సరిపోదు.

పేడ నంతయు పట్టి తూచుట పాత పద్ధతి. పశువును ప్రత్యేకమైన కొట్టములో కట్టి, తెలిసిన మేత రెండు మూడు వారములు అలవాటు చేసి, పిదప సుమారు వారము దినములు వేసిన ప్రతి ముద్దను రేయింబవళ్లు ఎత్తి తూచెదరు. మేయుటకు తిరుగు ఎద్దులకును పొట్టేళ్లకును తోక క్రింద సంచి కట్టుటయు కలదు. మగపశువులకే యేల యనగా, వాటి మూత్రము సంచిలో పడదు. మన దేశపు పశువుల మేతలలో ఏది యెంత జీర్ణమగునో చూపు పట్టికలు ఇట్టి శ్రమవలననే యేర్పడినవి. డాక్టరు కె. సి. సేన్ మొదలగువారు కూర్చిన పట్టికలను నేటికిని పశుపోషణ విద్యార్థులు చదువుచున్నారు. పద్ధతి నమ్మదగినదే, కాని కూలి యెక్కువ, ఒక్క రాత్రి కాపలావాడు నిద్రించినచో వారము శ్రమ వ్యర్థము. పదులకొలది పశువులు బీడులో మేయునప్పుడు ఇది సాధ్యమే కాదు.

ఇక ఉపాయము. ఒక పెద్ద గాబులో నీరెంత యున్నదో తెలియదనుకొందము. అందులో 1 కిలో ఉప్పు వేసి, కఱ్ఱతో బాగుగ కలిపి, 1 లీటరు నీరు మాత్రము తీసి పొయ్యిమీద ఇగిరించితిమి. గిన్నె అడుగున 5 గ్రాముల ఉప్పు మిగిలినది. 5 గ్రాములకు 1 లీటరైనచో 1000 గ్రాములకు ఎంత? బడిలో నేర్చిన త్రైరాశికమే: 200 లీటర్లు. గాబు నంతయు తోడనక్కఱలేకయే నీటి కొలత తెలిసినది. ఉప్పు పోకుండవలెను, అంతట సమముగా కలియవలెను, నీరు ముందే ఉప్పనై యుండరాదు. ఈ మూడు షరతులను మనసులో నుంచుకొన్నచో తక్కిన దంతయు సులభము.

పశువు కడుపులో ఉప్పు పనికిరాదు, అది రక్తములో కలిసిపోవును. అరుగనిది, రక్తములోనికి ఇంకనిది, పశువునకు హాని చేయనిది, మేతతోపాటే నడచునది, పిదప పేడలో కొలువదగినది యొకటి కావలెను. దానిని శాస్త్రజ్ఞులు సూచక పదార్థమందురు. మనము “గుఱుతు” అందము. తెలిసిన తూకము గుఱుతును లోనికి పంపి, పేడలో పిడికెడు తీసి, అందులో గుఱుతు ఎంత చిక్కపడినదో చూచినచో మొత్తము పేడ తెలియును.

గుఱుతులలో పేరుపడినది క్రోమిక్ ఆక్సైడు అను ఆకుపచ్చని పొడి. రంగులలో వాడునది, నీటిలో కరగదు. స్వీడను దేశములో ఎడీన్ అను శాస్త్రజ్ఞుడు 1918లో మేత జీర్ణమును తెలిసికొనుటకు దీనిని ప్రయోగించెను. ఒక బఱ్ఱెకు ఉదయము 5 గ్రాములు, సాయంకాలము 5 గ్రాములు, మొత్తము దినమునకు 10 గ్రాములు గొట్టములో నుంచి మింగించితి మనుకొందము. కొన్ని దినముల తరువాత పొడి పేడ 1 కిలోలో 2½ గ్రాములు కనబడినది. 10 గ్రాములను 2½ చేత భాగింపగా 4. అనగా ఆ పశువు దినమునకు 4 కిలోల పొడి పేడ వేయుచున్నది. పచ్చిపేడలో అయిదవ వంతే పొడి గనుక, పచ్చిగా 20 కిలోలు. అది ఎచ్చట వేసినది, శిఖములోనా, పొలములోనా అను చింత అక్కఱలేదు.

“కొన్ని దినముల తరువాత” అన్న మాటలోనే మెలకువ యంతయు నున్నది. కడుపు గాబువలె నిలిచి యుండునది కాదు, పాఱు కాలువ వంటిది. వరిగడ్డి తిన్న పశువు కడుపులో మేత రెండు మూడు దినములు నిలుచును. మొదటి దినముననే పేడ పరీక్షించినచో గుఱుతు ఇంకను దారిలోనే యుండును. పేడలో పలుచగా కనబడును. భాగించినప్పుడు పశువు కొండంత పేడ వేసినట్లు తేలును. కావున ప్రతిదినము అదే తూకము వేయుచు, వారము దినములు గడచి, లోనికి పోవునదియు వెలికి వచ్చునదియు సమానమైన పిదపనే పేడ తీయుదురు. అప్పుడును ఉదయపు పేడలో గుఱుతు ఒకరీతిగను, సాయంకాలపు పేడలో మఱొకరీతిగను ఉండును. అందుచేత రెండు పూటలను, అయిదాఱు దినములు, కొంచెము కొంచెము తీసి కలిపి పరీక్షింతురు. వేసిన గుఱుతు నూటికి నూఱు పాళ్లు దొరకదు. 95 పాళ్లే దొరకినదని తెలిసినచో 10కి బదులు 9½ను భాగింపవలెను. అప్పుడు 4 కిలోలు కాక 3 కిలోల 800 గ్రాములు వచ్చును.

ఒక హెచ్చరిక. ఇది చదివి రంగుల దుకాణములో పచ్చరంగు కొని పశువునకు పెట్టువారుందురేమో! అట్లు చేయరాదు. దుకాణపు రంగులో నేమేమి కలిసి యుండునో తెలియదు. క్రోమియములో విషరూపములును గలవు. ఈ కారణముననే ఇప్పుడు పలువురు పరిశోధకులు టైటానియం డయాక్సైడు అను తెల్లని పొడిని వాడుచున్నారు. దానిని అమెరికాలో గొడ్లమీద పరీక్షించి 2001లో ప్రకటించిరి. ఏదైనను పశువైద్యుని చేతిమీదుగా, ప్రయోగశాల సహాయముతో జరుగవలసిన పని.

వెలినుండి వేయు గుఱుతుకంటె మన ప్రాంతమునకు ఎక్కువ తగినది మఱొకటి కలదు. అది మన గడ్డివాములోనే యున్నది. వరిమొక్క నేలనుండి ఇసుక సారమును, అనగా సిలికాను, పెక్కు పైరులకంటె ఎక్కువగా పీల్చును. వరి ఆకు చేతిని కోయుట అందువలననే. ఊక బూడిదతో పాత్రలు తోమిన నిగనిగలాడుటయు అందువలననే. ఈ సారము పశువునకు దాదాపుగా అరుగదు. ఎంత లోనికి పోయినదో అంతయు పేడలో వెలికి వచ్చును. గడ్డిని మరగించి మైనము తీయనక్కఱలేదు, గొట్టము మింగింపనక్కఱలేదు. మేతయే తన గుఱుతును తాను మోసికొని పోవుచున్నది. జర్మనీలో విల్ట్ అను నాతడు 1874లోనే గొఱ్ఱెలలో సిలికాను ఇట్లు వాడెను. 1977లో కెనడాలో వాన్ క్యూలెన్, యంగ్ అనువారు దీనిని సులభముచేసిరి: గడ్డిని, పేడను వేఱువేఱుగా కాల్చి బూడిద చేసి, ఆ బూడిదను హైడ్రోక్లోరిక్ ఆమ్లములో ఉడికించి, కరగక మిగిలినదానిని తూచుట. కొలిమి, ఆమ్లము, సన్నని త్రాసు చాలును.

లెక్క యిట్లుండును. బఱ్ఱె 8 కిలోల పొడి వరిగడ్డి తిన్నది. ఆ గడ్డిలో ఆమ్లమునకు కరగని బూడిద నూటికి 12 పాళ్లు. అనగా 960 గ్రాములు లోనికి పోయినది. పొడి పేడలో అది నూటికి 24 పాళ్లుగా తేలినది. 12 ఉన్నది 24 ఎట్లాయెను? గుఱుతు పెరుగలేదు, చుట్టునున్న మేత సగము తఱిగినది. 960 గ్రాములు 24 పాళ్లుగా నుండవలెనన్న పొడి పేడ 4 కిలోలు. 8 కిలోలలో 4 కిలోలు పశువు జీర్ణించుకొన్నది. తిన్న గడ్డి తూకము తెలియకున్నను, 12కును 24కును గల నిష్పత్తినుండియే సగము జీర్ణమైనదని చెప్పవచ్చును. ఇది ఈ పద్ధతిలోని గొప్ప.

అయితే గాబులోని నీరు ముందే ఉప్పనైనచో లెక్క తప్పునని పైన చెప్పియుంటిమి. ఇచ్చట ఆ చిక్కు నిజముగ వచ్చును. చెల్క నేలమీద పడిన పేడను చేతితో ఎత్తినప్పుడు ఇసుక అంటుకొని వచ్చును. పొడి పేడ 1 కిలోకు 100 గ్రాముల మన్ను అంటినదనుకొందము, అందులో 90 గ్రాములు ఆమ్లమునకు కరగని ఇసుకయే. అప్పుడు 1100 గ్రాములలో 330 గ్రాముల గుఱుతు, అనగా 24 బదులు 30 పాళ్లు కనబడును. 960ని 30 పాళ్లతో లెక్కించిన 3 కిలోల 200 గ్రాముల పొడి పేడయే తేలును. సుమారు 4 కిలోల పచ్చిపేడ కాగితముమీద మాయమైనది. అంతకంటె పెద్ద మోసము, సగమే జీర్ణమైన గడ్డి నూటికి 60 పాళ్లు జీర్ణమైనట్లు కనబడుట. గుప్పెడు చెల్క మన్ను చెడ్డగడ్డిని మంచిగడ్డిగ చేసినది! అందుచేత పరీక్షకు పేడను నేలనుండి ఎత్తరాదు. పశువు వేయునప్పుడే పట్టవలెను, లేదా పశువైద్యుడు చేతితొడుగు వేసికొని లోపలినుండి తీయవలెను.

గడ్డి విషయములోను జాగ్రత్త కావలెను. మట్టి కళ్లములో నూర్చిన గడ్డికి మన్ను అంటియుండును. ఆ మన్నును పశువు తినును గనుక, గాటిలో వేసిన గడ్డినే పరీక్షకు తీయవలెను గాని దులిపి కడిగినది పనికిరాదు. ఒక పొలపు గడ్డి మఱొక పొలపు గడ్డివలె ఉండదు. పుస్తకములోని శాతమును తెచ్చి మన గడ్డికి అంటగట్టరాదు. పశువు తినక విడిచిన గడ్డిని కూడ తూచి పరీక్షింపవలెను. ఏలయన వరిలో ఆకునందు సిలికా యెక్కువ, కాడయందు తక్కువ. పశువు ఏరుకొని తిన్నచో లోనికి పోయిన గుఱుతు వేఱగును. తవుడు పెట్టువారు తవుడులోని గుఱుతును కూడ కలుపుకొనవలెను. ఊక కలిపి అమ్మిన తవుడును పట్టియిచ్చునదియు ఈ బూడిద పరీక్షయే. దాణా కొను సంఘములు దీనిని మఱవరాదు.

ఇప్పుడు రెండు గుఱుతులను కలిపి చూతము. శిఖములో మేసి వచ్చిన పశువు ఎంత తిన్నదో ఎవ్వరును చూడలేదు. వెలిగుఱుతు వలన పొడి పేడ 4 కిలోలని తెలిసినది. మేతలోని గుఱుతు వలన, తిన్నదానిలో సగము పేడగా వచ్చుచున్నదని తెలిసినది. అయినచో తిన్నది 8 కిలోలు. పశువు వెనుక తిరుగకయే దాని కడుపు లెక్క చేతికి వచ్చినది. బీడు మేతపై పరిశోధన చేయువారు చిరకాలము ఈ మార్గముననే నడచిరి. 1986 నుండి ఆకుమీది మైనపు పొరలోని పదార్థములను గుఱుతుగా గొను మఱొక పద్ధతియు వాడుకలోనికి వచ్చినది. దానికి ఖరీదైన యంత్రములు కావలెను.

ఈ లెక్క రైతునకు ఏమి చెప్పునో ఒక యుదాహరణము. వరిగడ్డిని యూరియాతో మాగవేయుట పలువురెఱిగినదే: 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను సుమారు 50 లీటర్ల నీటిలో పూర్తిగా కరగించి చల్లి, త్రొక్కి, గాలి సోకకుండ మూడు వారములు కప్పియుంచుట. (యూరియా నీటిని పశువు త్రాగినచో ప్రాణాపాయము, లేగదూడలకు ఈ గడ్డి పెట్టరాదు.) ఇట్లు చేసిన రైతు పేడ తూచి, “పేడ తగ్గలేదు, నా యూరియా వృథా” అనును. ఆ తీర్పు తొందరపాటు. ముందు 8 కిలోల పొడి గడ్డిలో నూటికి 50 పాళ్లు జీర్ణమై, పేడ 4 కిలోలు వచ్చినది. మాగిన గడ్డి మెత్తబడి రుచించుటచే పశువు 9 కిలోల 300 గ్రాములు తిని, నూటికి 57 పాళ్లు జీర్ణించుకొన్న దనుకొందము. పేడ మరల 4 కిలోలే! కాని ఒంటికి పట్టినది 4 కిలోల నుండి 5 కిలోల 300 గ్రాములైనది. పేడ తూకము ఒక్కటియే మేత మంచిచెడ్డలను చెప్పజాలదు. తిన్న తూకమో, గుఱుతు శాతమో దానికి తోడు కావలెను. ఇంకొకటి, పేడ యంతయు అరుగని మేత కాదు. అందులో కడుపులోని సూక్ష్మజీవులును, ప్రేవుల పొట్టును కొంత కలిసి వచ్చును.

ప్రయోగశాల పని ఒక్క రైతు చేయలేడు. పశుపోషణ శాస్త్రము బోధించు మామునూరు పశువైద్య కళాశాల వంటి చోట్ల ఇట్టి పద్ధతులు తెలిసినవారుందురు. సంఘము పక్షమున అడుగుట మేలు. ఇంటివద్ద ఎవరైనను చేయదగినది యొకటి కలదు. 1 కిలో పచ్చిపేడను జల్లెడలో వేసి నీళ్లు పోసి కడిగినచో అరుగని గింజలు పైన నిలుచును. మక్కజొన్న నలుగగొట్టక పెట్టినచో గింజకు గింజ బయటపడును. ఆ గింజలను ఏరి లెక్కించిన రైతు మఱునాడే మఱకు పోవును.

గొఱ్ఱెల మంద విషయము చెప్పి విరమింతును. పొలములో మంద పెట్టించుకొనువారు గొఱ్ఱెల కాపరికి రాత్రికింత యని యిత్తురు. ఆ రాత్రికి వచ్చు ఎరువెంత? 30 కిలోల గొఱ్ఱె దినమునకు సుమారు 900 గ్రాముల పొడి మేత తినుననియు, అందులో సగము జీర్ణమగుననియు కొన్నచో, 450 గ్రాముల పొడి పెంటిక వచ్చును. సగము రాత్రి మందలో పడిన 225 గ్రాములు. 400 గొఱ్ఱెలకు 90 కిలోలు. మూత్రము దీనికి పైన. ఎండిన బీడులో అర్ధాకలితో మేసిన మందకు ఇందులో మూడవ వంతు తగ్గించినను తప్పు లేదు. కోత కోసిన పెసర చేనిలో మేసి వచ్చిన మంద వేఱు. గొఱ్ఱెల సంఖ్యను మాత్రమే చూచి బేరమాడుట సరి కాదు. మంద ఏ గంటకు దిగునో, ఏ గంటకు లేచునో, పగలు ఎచ్చట మేసినదో అడిగి పైకము నిశ్చయింపవలెను. చీకటి పడిన చాలసేపటికి దిగి, తెల్లవాఱకముందే లేచిపోవు మంద 90 కిలోలు వేయదు.